చీరమేను అడిగితే చీరలు

రామచంద్రపురంలో చేపలమ్మే లోవమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. తూర్పుగాలి మొదలైతే యానాం రేవుకు చీరమేను వస్తుంది. వచ్చిందో లేదో తెలియక బస్సెక్కి, ఈ ఏడు ఇప్పటికే రెండుసార్లు ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది. మూడోసారి ఓపిక లేక ఫోన్‌ని అడిగింది.

"యానాంలో చీరమేను వచ్చిందా?"

ఫోన్ చీరలు చూపించింది. చీరమేను అంటే పాత చీరను వలలా పట్టుకుని తోడే సన్న చేపపిల్లలని దానికేం తెలుసు? ఆ రోజు నుంచి ఏం వెతికినా చీరల ప్రకటనలే.

"పట్టుచీర తీస్తన్నారేంటి అత్తయ్యా? నాక్కూడా ఓటి చూడండి," అంది కోడలు నాగదుర్గ. నవ్వడం అయ్యాక ఫోన్ తీసుకుని ఇంకో సెర్చ్ ఇంజన్ పెట్టిచ్చింది. "ఇది మనం అడిగింది గుర్తుపెట్టుకోదంటండి. వెంటపడదు."

లోవమ్మ మళ్లీ అదే అడిగింది. మళ్లీ చీరలే వచ్చాయి.

"దీనికీ చేప తెలీదే," అంది నీరసంగా.

మర్నాడు పొద్దున్నే తెరిచి చూస్తే ఒక్క చీరా లేదు. తెర తెల్లగా, ఖాళీగా ఉంది. ఫోన్ కోడలి వైపు తిప్పింది.

"దీన్ని తీసేయమంటారా అత్తయ్యా?"

"ఉంచవే. తెలీకపోయినా, నోరు మూసుకుని కూర్చుంటంది."

మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. చీరమేను సంగతి రేవులో తప్ప ఇంకెక్కడా తెలిసేలా లేదు. గిన్నె చంకన పెట్టుకుని యానాం బస్సుకు బయల్దేరింది.