ఊ ఆగిన చోట

మూడేళ్ల కిందటి ఎండాకాలం. ఉద్యోగంలో అది నా చివరి ఏడాది. హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థకు స్క్రిప్టు ఎడిటర్‌గా ఉన్న నన్ను, గిద్దలూరులో జరిగే స్క్రీన్‌ప్లే శిబిరానికి మెంటర్‌గా పంపారు. ఆ ప్రాంతపు రచయితల కథలను పది నిమిషాల సినిమాలుగా మలచాలని వచ్చిన కొత్తవాళ్లకు దారి చూపడం నా పని. ఊరి చివర కల్యాణ మంటపం పై అంతస్తు మాకిచ్చారు. కింద పెళ్లి జరుగుతుంటే పైన విషాద సన్నివేశం రాయడం ఎంత కష్టమో ఆ శిబిరంలోనే తెలిసింది.

మెంటర్ అంటే రాసిపెట్టేవాడు కాదు. ముందు కథను రెండు ముక్కల్లో చెప్పిస్తాడు. తర్వాత సీన్ ఆర్డర్, అంటే ఏ సీను వెనక ఏ సీను రావాలో వేయిస్తాడు. మాటలు అన్నిటికన్నా చివర. నా కింద ఉన్నవాళ్లలో సుభాషిణి అనే ఆమె రాచర్లలో ప్రైవేటు స్కూలు టీచరు. ఆమె మీద నాకు ఆశా ఎక్కువే, భయమూ ఎక్కువే.

ఆమె ఎంచుకున్నది కొమరోలు వైపు ఉండే ఒక పెద్దాయన, రిటైరైన తెలుగు పండితులు, రాసిన కథ. ఒక రైతు ఉన్నదంతా ఊడ్చి ఆఖరి బోరు వేయిస్తాడు. దుమ్ము తప్ప నీటిచుక్క రాదు. చేలోనే కూలబడి ఏడుస్తాడు. బోరు బండిని షూటింగుకు తెప్పించే స్తోమత చిన్న సినిమాకు ఉండదు కాబట్టి, సుభాషిణి కథను చేలోంచి ఇంట్లోకి తెచ్చింది. కెమెరా రైతు భార్య దగ్గరే ఉంటుంది. పొయ్యి మీద ఎసరు. దూరం నుంచి బోరు బండి మోత. ముగింపు కూడా మార్చింది. నాకు నచ్చింది సరే, రాసినాయనకు నచ్చాలి కదా!

శిబిరం నియమం ప్రకారం మూలరచయిత సంతకం లేనిదే స్క్రిప్టు షూటింగుకు వెళ్లదు. చివరిరోజు సాయంత్రం దాకే గడువు. తన కథలో మాట మార్చారని ఒక నాటకం వాళ్లను ఆయన గుమ్మంలోంచే వెనక్కి పంపారని విన్నాను. ఆయనకు కళ్లు సరిగా ఆనవు కాబట్టి చదివి వినిపించాలి. కొమరోలు బస్సులో సుభాషిణి సీన్లు నోట్లోనే వల్లించుకుంటూ, "ఇది పోతే మావాళ్లు ఇంగ మళ్ల పంపరు సార్" అంది.

పెద్దాయన మంచం మీద కూర్చుని, "చెప్పు పాపా, ఇంటా" అన్నారు.

కథ నోటితో వినిపించడాన్ని మా వృత్తిలో నెరేషన్ అంటాం. నిర్మాత "ఊ" అంటున్నంతసేపూ కథ బతికున్నట్టు. ఊ ఆగితే సంచీ సర్దుకోవచ్చు. నా సర్వీసంతా ఆ ఊల మీద చెవి వేసే గడిచింది. పెద్దాయన మొదటి సీనుకు ఊ కొట్టారు. రెండోదానికీ కొట్టారు. మోత ఇంట్లోకి వినపడే సీను వచ్చేసరికి ఊ సన్నబడింది. మోత ఆగిపోయే చోట పూర్తిగా ఆగింది. దాంతో సుభాషిణి కూడా ఆపేసింది. వాళ్ల అవ్వ దగ్గర కథలు విన్న పద్ధతి అది, ఊ లేకపోతే చెప్పరాదు.

ఆయన గోడవైపు చూస్తున్నారు. ఆమె చున్నీ కొస నలుపుతోంది. కొంప మునిగిందనుకున్నాను. 'ముగింపు మీ కథలో ఉన్నట్టే పెడతాం' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏంది, ఆపినావు?" అన్నారాయన.

"మీరు ఊ అనలేదు పెద్దనాయనా."

"నోరు పెగల్లేదు పాపా. మోత ఆగిపోయింది గదా, ఆయమ్మ ఏం చేసింది? చెప్పు."

కథ రాసింది ఆయన. తర్వాత ఏమైందని అడుగుతున్నదీ ఆయనే.

సుభాషిణి చెప్పింది. నీళ్లు పడితే చేలోంచి కేకలు వినపడాలి. వినపడలేదు. రైతు భార్యకు అర్థమైంది. అయినా బోరు బండి వాళ్లకు అన్నం పెట్టాలి. నీళ్లు పడినా, పడకపోయినా. ఆమె బియ్యం కడిగి మరుగుతున్న ఎసట్లో పోసింది. సినిమా అక్కడితో సరి.

"నేనట్ల రాయలేదు" అన్నారు పెద్దాయన. నా చెయ్యి సంచీ మీదికి పోయింది. "మా నాయన ఏడ్చినాడని రాసినా. మాయమ్మ ఏం చేసిందో రాయలేదు. ఆ పొద్దు మాయమ్మ వండింది పాపా. ఆ బండి వాళ్లతోపాటు నేనూ కూచోని తిన్నా. అది కథలోకి వస్తాదని నాకు తోచనే లేదు."

సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించమన్నారు. పెట్టాక, "నా పుస్తకంలో నాది ఉండనీ. నీ సినిమాలో నీది పెట్టుకో" అన్నారు.

రిటైరయ్యాక కొత్తవాళ్లు ఎవరైనా సలహా అడిగితే రెండే చెబుతున్నాను. కథను సినిమాగా మార్చేటప్పుడు, రచయిత రాసింది చదివాక, ఆయన చూసి కూడా రాయకుండా వదిలేసింది ఏమిటో వెతకాలి. రెండోది, వినేవాళ్ల ఊ ఆగిందని వెంటనే సంచీ సర్దుకోకూడదు.