కోత పండుగకు సులోచన బ్రెడ్డు

ఆళ్లగడ్డలో సులోచన టీచరు బ్రెడ్డు రుచి చూడని క్రైస్తవ కుటుంబం లేదంటే అతిశయోక్తి కాదు. నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో వార్డెన్ సరస్వతమ్మ దగ్గర ఆమె బ్రెడ్డు చెయ్యడం నేర్చుకుంది. పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చాక కూడా మానలేదు. ఏటా చర్చిలో కోత పండుగ రోజున రైతులు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవునికి ఇస్తారు. తర్వాత వాటిని అక్కడే వేలం వేస్తారు. సెంటు భూమి కూడా లేని సులోచన తను చేసిన బ్రెడ్డు తెచ్చి ఆ వడ్ల మూటల పక్కన పెట్టేది.

పోయిన వేసవిలో రుద్రవరం నుంచి స్కూటీ మీద వస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. పడిన పాటుకు కుడి మణికట్టు విరిగింది. నంద్యాలలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కట్టు విప్పాక చూస్తే వేళ్లు మడతపడలేదు. జడ కూడా భర్త ప్రభాకర్ వెయ్యాల్సి వచ్చింది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే ఆయనకు నట్లు బిగించడం వచ్చు గానీ జడ వెయ్యడం రాదు.

కూతురు వందన నంద్యాలలో నర్సు. తల్లి అవస్థ చూడలేక బ్రెడ్డు చేసే మిషన్ కొని తెచ్చింది. పిండి, పాలు, ఈస్ట్ పోసి బటన్ నొక్కితే చాలు, పిసకడం, పొంగించడం, కాల్చడం అన్నీ అదే చూసుకుంటుంది. మొదటి రోజు వచ్చిన బ్రెడ్డు దూదిలా ఉంది. బాగుందని సులోచన మనస్ఫూర్తిగా చెప్పింది. ప్రభాకర్‌కైతే ఆ మిషన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున్నే తనే పిండి పోసి దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సులోచనకు మిషన్ మీద కోపమేమీ లేదు. కానీ అది గిర్రున తిరుగుతుంటే తను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండటం ఆమె వల్ల కాలేదు.

ఫిజియోథెరపీ చేసే షాలిని అనే అమ్మాయి పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. కొన్నాళ్లకు సులోచనకు ఆ బంతి మీద విసుగు పుట్టింది. దీని బదులు పిండి పిసికితే పనికిరాదా అని అడిగింది. షాలిని ఆలోచించి, నిమ్మకాయంత ముద్దతో మొదలుపెట్టమంది. నొప్పి ఎక్కువైతే ఆపెయ్యమంది. మొదలుపెట్టిన రోజున ఆ చిన్న ముద్ద మీదే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మర్నాడు మళ్లీ కలిపింది. నిమ్మకాయంత ముద్ద బత్తాయంత అయ్యింది. ఆపమన్న మాట మాత్రం ఆమె మరిచిపోయింది.

ఒక ఆదివారం వందన వచ్చి చూస్తే తల్లి మణికట్టు వాచి ఉంది.

"ఏంది మా ఇది? ప్లేటు కదిలితే మళ్లా కొయ్యాల. మిషన్ ఉంది గదా ఇంట్లో?"

"ఉంది. మీ నాయన చేసుకుంటాండాడు."

"కోత పండక్కి గూడా దాంట్లోనే చేసుకొని పో. ఎవురడుగుతారు?"

"వాళ్లంతా చేన్లో పండించింది తెస్తారు వందనా. నాకు చేను యాడుంది? మిషన్ చేసింది తీస్కపోయి నా పంట అని ఎట్ల పెట్టేది?"

"చెయ్యి అప్పటికి సరిగా రాకపోతే?"

"ఈ ఏడు ఉత్త చేతుల్తో పోతా. అది మాత్రం తీస్కపోను."

వందన షాలినికి ఫోన్ చేసి మాట్లాడింది. పిసికాక ఐసు పెట్టుకోవాలని, వరసగా రెండు రోజులు పిసకకూడదని తల్లిని ఒప్పించింది. సులోచన కూడా పని పద్ధతి మార్చుకుంది. వంటగది గట్టు దగ్గర నిలబడటం మాని, నేల మీద పీట వేసుకుని కూర్చుని, ఒళ్లు బరువంతా ఎడమ అరచేతి మీద మోపి పిండి నెట్టేది. కుడి చేత్తో మడిచేది. అలా చేసిన మొదటి బ్రెడ్డు ఇటుక మాదిరి వచ్చింది. ప్రభాకర్ దాన్ని టీలో ముంచుకుని నోరెత్తకుండా తిన్నాడు.

పండుగ నాటికి చలి ముదిరింది. తెల్లవారుజామునే పిసికి పెట్టిన పిండి ఎంతసేపటికీ పొంగలేదు. ప్రార్థనకు టైమవుతోంది. ఎందుకైనా మంచిదని మిషన్‌లో కూడా ఒకటి వేస్తానన్నాడు ప్రభాకర్. వద్దని చెప్పి, గిన్నెకు తన శాలువా చుట్టి, అన్నం కుక్కర్ పక్కన వెచ్చగా పెట్టింది సులోచన. పిండి నెమ్మదిగా కదిలింది. ఓవెన్‌లో కాలేసరికి చర్చిలో పాస్టరు వాక్యం చెప్పడం కూడా అయిపోయింది. తెల్లటి గుడ్డలో వేడివేడి బ్రెడ్డు పట్టుకుని, కానుకలు పెట్టేవాళ్ల వరసలో చిట్టచివర నిలబడింది. దాని ఎడమ పక్క బాగా పొంగింది, కుడి పక్క కుంగింది. చాటు చేసుకోకుండా దాన్ని వడ్ల మూటల పక్కన పెట్టి వచ్చింది.

వేలంలో దాన్ని రుద్రవరం రైతు ఏసయ్య పట్టుబట్టి పాడుకున్నాడు. అక్కడే తుంచి చుట్టూ ఉన్నవాళ్లకు పంచాడు. తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు.

"టీచరమ్మా, ఈ పక్క రోంత గట్టిగా ఉంది," అన్నాడు.

"అది నా కుడిచెయ్యి పక్క లే అన్నా. వచ్చే ఏటికి మెత్తగా అయితాది," అంది సులోచన.

మిషన్ ఇంకా వాళ్లింట్లోనే ఉంది. వారమంతా ప్రభాకర్ దాంట్లోనే చేసుకుంటాడు. శనివారం సాయంత్రం మాత్రం వంటగదిలో నేల ఊడ్చి, సులోచన పీట వేసుకుని కూర్చుంటుంది.