ఎడమవైపు గుండీలు

మా అమ్మాయి సాధించిన మొదటి విజయం ఒక కాజా. చొక్కాకి గుండీ దూర్చే చీలిక ఉంటుందే, దాని చుట్టూ దారంతో కట్టే కట్టుని మా పనిలో కాజా అంటారు. చూస్తే అరంగుళం ఉండదు. దాన్ని నా చేత ‘బాగుంది’ అనిపించుకోవడానికి పిల్లకి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. పాత దుప్పటి అంచు మీద రెండు వందల పదమూడు కాజాలు కుట్టింది. రెండు వందల పద్నాలుగోది తెచ్చి నా ముందు పెట్టింది. గోటితో గీకి చూశాను. గుండీ దూర్చి లాగి చూశాను. ఒక్క పోగు కదల్లేదు.

“బాగుంది” అన్నాను.

“ఏంటి నాన్నా? ఇంకోసారి చెప్పు, సరిగ్గా వినపళ్ళేదు.”

“ఒకసారి అన్నది చాలు. మళ్ళీ అంటే నెత్తికెక్కుతావు.”

మా కుట్టుపనివాళ్ళ సంఘం వాళ్ళు సంచికలో వేస్తాం, మా అమ్మాయి గురించి రాయమని అడిగారు. ఐదో తరగతి దాటని చెయ్యి నాది. అయినా మా పల్లెబడి పంతులు బెత్తంతో దిద్దించిన అక్షరాలు ఈ రోజుకీ వంకర పోలేదు. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదుగానీ, ఈ చేత్తోనే నలభై ఆరేళ్ళలో పాతికవేల చొక్కాలు కత్తిరించాను. చంక పట్టేస్తోందని ఒక్కటి తిరిగి రాలేదు. ప్రతి చొక్కా కాలర్ లోపల ఎర్రదారంతో నేసిన నా దుకాణం లేబుల్ ఉంటుంది. లేబుల్ పడిందంటే పనిలో తప్పు లేదని నేను మాటిచ్చినట్టు. ఈ లేబుల్ సంగతి గుర్తుంచుకోండి.

అమ్మాయిది పుర్రచేతి వాటం, అన్నిటికీ ఎడమచెయ్యే. ఇంట్లోనూ వీధిలోనూ దాని పేరే పుర్రచెయ్యి అయిపోయింది. మాన్పించాలని ఆ చెయ్యిని కొలతల టేపుతో కుర్చీకి కట్టేసిన రోజులున్నాయి. విప్పగానే మళ్ళీ ఆ చేత్తోనే సూది పట్టేది. నేను కుట్టిన కాజాలో ముడులు కుడికి వాలితే దాని కాజాలో ఎడమకి వాలతాయి. నా పనిని అద్దంలో చూసినట్టుంటుంది.

దాని అన్న, నా కొడుకు, దానికంటే నాలుగేళ్ళు పెద్ద. వాడికి సూదీ దారం పడేవి కావు. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త తీగ చుట్టే పని నేర్చుకున్నాడు. చెల్లెలితో రోజుకో జగడం పడకపోతే వాడికి తిన్నది అరిగేది కాదు. ఏటి ఒడ్డున ఉన్న పట్నంలో ఒక మోటార్ల షెడ్డులో వాడికి పని దొరికింది. అన్న వెళ్తున్నాడని పిల్ల తనంతట తానే ఒక చొక్కా కత్తిరించింది. అది కుట్టిన మొదటి మగవాళ్ళ చొక్కా. నీలం గళ్ళ టెరికాటను. జేబు మీది గళ్ళు చొక్కా గళ్ళతో గీత తప్పకుండా కలిశాయి. లోపల పొంగిపోయాను. అంతలో వాడు తొడుక్కుని గుండీలు పెట్టుకోబోయాడు.

మగవాళ్ళ చొక్కాకి గుండీలు కుడివైపు ఉంటాయి, కాజాలు ఎడమవైపు. ఆడవాళ్ళ చొక్కాకి తారుమారు. పుర్రచేత్తో గీసి పుర్రచేత్తో కత్తిరించిన పిల్ల రెండు పట్టీలూ తిప్పేసింది. గుండీలు ఎడమవైపు పడ్డాయి.

“ఇప్పు. మళ్ళీ ఊడదీసి కుట్టాలి” అన్నాను.

“టైము లేదు నాన్నా, బస్సు వచ్చేస్తుంది.”

“అది ఆడవాళ్ళ చొక్కారా! దానికి నా లేబుల్ వెయ్యను.”

“వెయ్యకు. లేబుల్ లేకపోతే చలేస్తుందా ఏంటి?”

“నలుగురూ నవ్వుతారురా.”

“నవ్వనీ. మా చెల్లి కుట్టిందని చెప్తా.” ఏడుపు మొహంతో నిలబడ్డ పిల్ల జడ పట్టుకు లాగాడు. “ఒసే పుర్రచెయ్యీ, చిరిగేదాకా ఇది ఇప్పను. సరేనా?”

వెళ్ళాడు. పనిలో చేరిన మొదటి ఆదివారం, సెలవని, ఆ చొక్కాతోనే ఊరు చూసొస్తానని షెడ్డులోంచి బయటికి వెళ్ళాడట. మళ్ళీ షెడ్డుకీ రాలేదు, ఇంటికీ రాలేదు. వాడికి పంతొమ్మిదేళ్ళు.

నేను పోలీసు స్టేషనుకి వెళ్ళాను. అక్కడ రాతపని చూసే రైటరు కాగితం ముందేసుకుని ఎత్తు అడిగాడు, రంగు అడిగాడు, పుట్టుమచ్చలు అడిగాడు.

“ఒంటి మీద బట్టలు?”

“నీలం గళ్ళ చొక్కా. మా దుకాణంలో కుట్టిందే. కాలర్ లోపల నా లేబుల్ ఉంటుంది” అన్నాను. ఆయన రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. మూడు నెలలకి ఆ పట్నం నుంచి జవాబు వచ్చింది. అలాంటి లేబుల్ ఉన్న చొక్కా, దాంతో మనిషి, ఎవరూ దొరకలేదని.

అక్కణ్ణించి మా అమ్మాయి ప్రతి నెలా మొదటి సోమవారం స్టేషనుకి వెళ్ళేది. ఏడేళ్ళు వెళ్ళింది. రైటర్లు మారారు. ఒకాయన విసుగెత్తి, గుర్తు తెలియని శవాల మీద దొరికిన బట్టల మూటలు బల్ల మీద పడేసి “ఇందులో ఉందేమో నువ్వే చూసుకోమ్మా” అన్నాడు.

అన్న చొక్కా అందులో లేదు. కానీ ఒక ప్యాంటు కింది మడత వేళ్ళతో తడిమి చూసి అడిగింది. “ఈయన వయసు ఎంతని రాసుకున్నారు?”

“నలభై.”

“కాదండీ. ఈ మడత రెండుసార్లు ఊడదీసి కిందికి దించారు. ఇంకా పొడుగవుతున్న మనిషిది. పద్దెనిమిది దాటవు.”

రైటరు ఫైళ్ళు తిరగేశాడు. మూడు వారాల్లో ఆ పిల్లవాడి తల్లిదండ్రులు దొరికారు. వాళ్ళు మా దుకాణానికి వచ్చి, మిషను మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఇలా మొత్తం ఏడుగురిని మా అమ్మాయి వాళ్ళ వాళ్ళకి అప్పగించింది. జేబు లోపల వేసిన తోలు అతుకుని చూసి ఒకాయన వడ్రంగి అని పోల్చింది. చంక కింద మాసిక వేసిన తీరు చూసి ఫలానా ఊరి దర్జీ పని అని చెప్పింది. పోలీసు పెద్దలు ప్రశంసాపత్రం ఇచ్చారు. దుకాణంలో నా లైసెన్సుకి పైన తగిలించాను, కింద కాదు. “నువ్వు రాకముందు ఈ మూటలకి చెదపురుగులే చుట్టాలమ్మా” అనేవాడు రైటరు.

వాళ్ళమ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది. “అందరి బిడ్డల్నీ వెతికి పెడతావు. మనవాడేడే?” నాలుగేళ్ళ క్రితం ఆవిడ పోయేదాకా అడుగుతూనే ఉంది.

పోయిన వేసవిలో ఒకామె వచ్చింది. తన అక్క కనపడక పదేళ్ళయిందట. ఏటి ఒడ్డు పట్నంలో పాత మూటలు దాచే గది ఉందని, తోడు రమ్మని బతిమాలింది. మా అమ్మాయి ఆ గదికి ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళింది, మగవాళ్ళ అరలు మొత్తం చూసింది. ఈసారి ఆడవాళ్ళ అర తీయించింది. మూడో మూట మీద చీటీ ఉంది: ‘గుర్తు తెలియని స్త్రీ. ఏటిగట్టు. కొద్ది ఎముకలు, దంతాలు. గుండీలు ఎడమవైపు ఉన్న చొక్కా. లేబుల్ లేదు.’

సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టె తీసి, ఆ పాత దుప్పటి అంచు నా ముందు పరిచింది. పక్కన ఫోను పెట్టింది. ఫోనులో రంగు వెలిసిపోయిన గుడ్డ, దాని మీద ఒక కాజా.

“ఇది ఎవరి పని నాన్నా?”

కళ్ళజోడు పెట్టుకున్నాను. ముడులు ఎడమకి వాలి ఉన్నాయి.

“నీదే” అన్నాను. ఆ తర్వాతే నాకు అర్థమైంది.

తర్వాత సంచీలోంచి ఒక కాగితం తీసింది. అప్పటి నా ఫిర్యాదు నకలు. “లేబుల్ ఉందని ఎందుకు రాయించావు?”

“అలవాటుగా నోటికొచ్చిందమ్మా.”

“నాన్నా.”

నా వయసు డెబ్భై ఒకటి. పాతికవేల చొక్కాల మేస్త్రీని. అబద్ధానికి లేబుల్ వేసి ఇరవై రెండేళ్ళు దాచుకున్నాను. “నా కొడుకు తప్పుగా కుట్టిన చొక్కా వేసుకుపోయాడని ఆ రైటరు ముందు చెప్పడానికి నామోషీ అనిపించింది” అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “గుండీలు తిప్పింది నేను. లేని లేబుల్ పెట్టింది నువ్వు. ఇద్దరం కలిసి వాణ్ణి ఆడపిల్లని చేసి దాచేశాం” అంది. “వాడుంటే ఎంత నవ్వేవాడో!” నవ్వబోయింది. నవ్వు రాలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మేము ఆ సామెతలోనే ఇన్నేళ్ళు బతికాం.

నా రక్తం తీసుకుని పరీక్షకి పంపారు. ఆ మూటలోని దంతమూ నా రక్తమూ ఒక ఇంటివేనని పోయిన వారం కాగితం వచ్చింది. ఈతకి దిగాడో, గట్టు మీద కాలు జారిందో ఇక ఎవరూ చెప్పలేరు. నా మోకాళ్ళు బస్సెక్కనివ్వవు. అమ్మాయి ఒక్కతే వెళ్ళింది.

నిన్న ఫోను చేసింది. “సంతకాలకి ఇంకా రెండు రోజులు పడుతుందట నాన్నా. చొక్కా కూడా ఇస్తామన్నారు. నువ్వొక లేబుల్ వెతికి ఉంచు.”

“ఇప్పుడెందుకమ్మా?”

“పట్టీ తిరగబడిందిగానీ పని గట్టిదే కదా. ఏరూ ఎండా చూసింది, ఇన్నేళ్ళు మూటలో పడుంది. కాజాల్లో ఒక్క పోగు ఊడలేదు. నువ్వే కుట్టాలి.”

“కుడతాను” అన్నాను. ఆ చొక్కా గురించి అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్పాను. “బాగుందమ్మా.”

ఈసారి మళ్ళీ చెప్పమని అడగలేదు.

రేకు డబ్బా అడుగున పాత లేబుల్ ఒక్కటి మిగిలి ఉంది. నా చూపుకి సూదిలో దారం ఎక్కించడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఎక్కించి, బల్ల మీద గుడ్డకి గుచ్చి ఉంచాను. పుర్రచెయ్యి వాళ్ళన్నని తీసుకుని పంతొమ్మిదో తారీఖు, గురువారం, పొద్దుటి బస్సుకి వస్తుంది.