అరవై కిలోల అన్నయ్య

ఆ రోజుల్లో మా ఇంట్లో బరువు పెరగడం మంచి వార్త, మిరపకాయల బస్తా అయినా మనిషైనా. అరవై కిలోలు దాటకూడదని దిగులుపడినవాడు మా అన్నయ్య ఒక్కడే. లైట్‌వెయిట్ బాక్సరు. "ఎండబెట్టడానికి నువ్వేమన్నా కాయవా" అని అమ్మ రోజూ అన్నం ముందు అడిగేది. అలాంటప్పుడు గుంటూరులో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ వచ్చింది. "ఈసారి జట్టులోకి రాకపోతే ఆ గ్లవుజులు అటకెక్కించి చేలోకి రారా" అని నాన్న తేల్చి చెప్పాడు. ముందు రోజు ఊళ్ళో కాటా ఎక్కితే అన్నయ్య కాస్త ఎక్కువే తూగాడు. చెమట పడితే బరువు దిగుతుందన్నారు బాక్సింగ్ మాస్టారు. మా ఎండకి అదేం కష్టం? మిట్టమధ్యాహ్నం కల్లంలో, ఆరబోసిన కాయల మధ్య, అన్నయ్యని కూర్చోబెట్టి తలమీదుగా ఖాళీ గోతాలు కప్పాను. (ఆ గోతాల్లో అంతకుముందు ఏముందో ఇద్దరికీ తట్టలేదు. ఆ ఘాటు మాకు ఇంటి వాసన.) మర్నాడు బరువు సరిపోయింది. "తలస్నానం గెలిచాకే" అంది అమ్మ, ఏదో మొక్కుకుని.

రెండో రౌండులో చెమటతో పాటు జుట్టులోని మిరప ధూళి కళ్ళలోకి దిగింది. గ్లవుజుతో తుడుచుకుంటే ఇంకా మండింది. కనపడక, ఎదురుగా ఉన్న కనిగిరి కుర్రాణ్ణి కావలించుకున్నాడు. కాసేపటికి అతనూ ఏడవడం మొదలుపెట్టాడు. విడదీయబోయిన రెఫరీ తుమ్మాడు. "అంత ఏడుపొస్తే ఇంటికొచ్చెయ్ నాన్నా" అని అమ్మ కుర్చీలోంచి కేకేసింది. ఆ కుర్రాడు అన్నయ్య చెవిలో, "ఏ రకం కాయ అన్నా, తేజానా?" అని అడిగాడట. "తేజానే తమ్ముడూ" అని, గొంతు వినపడ్డ వైపు కొట్టాడట అన్నయ్య. పాయింట్ల మీద గెలిచాడు.

తరవాత ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ పోటీలు మూఢాల్లోనే జరిగేవి, పెళ్ళిళ్ళు లేక ఫంక్షన్ హాళ్ళు అప్పుడే ఖాళీ కాబట్టి. గెలిచినవి కొన్ని, ఓడినవి ఎక్కువ. "మూఢంలో మొదలెట్టింది ఏం కలిసొస్తుంది" అనేది అమ్మ. చివరికి నాన్న మాటే నెగ్గింది. గ్లవుజులు అటకెక్కాయి, అన్నయ్య చేలోకి దిగాడు.

పోయిన వానాకాలం ఆసుపత్రిలో నర్సు అన్నయ్యని బరువు చూసే మిషను ఎక్కించింది. ముల్లు అరవైకి చాలా ఇవతలే ఆగింది. దాన్ని చూసి, "గోతాలతో పని లేకుండానే దిగాన్రా" అన్నాడు. నేను నవ్వాను. నన్ను నవ్వించాలని చూశాడు కాబట్టి నవ్వాను. ఆ వారంలోనే పోయాడు.

ఈ ఏడు కల్లంలో కాయ తిరగేస్తూ కళ్ళు తుడుచుకున్నాను. "ఘాటెక్కువుందా బాబూ ఈసారి?" అంది పనిలోకొచ్చిన పెద్దావిడ. "ఎక్కువేనమ్మా" అన్నాను. అప్పటికే మంట మొదలైంది. జుట్టు నెరిసింది కానీ, కాయ పట్టిన చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని మా ఇంట్లో ఎవరమూ నేర్చుకోలేదు.