గట్టు మీది నమాజు

ఆ ఏడు పత్తి రెండుసార్లు విత్తాం. మిరుగు కార్తె తొలి వానకు వేసినవి మొలవలేదు. రెండోసారి వేసి పదహారు రోజులైంది, మబ్బు తునక లేదు. మూడోసారికి అదును దాటింది. ఇవీ మొలవకపోతే చేను బీడే. దేవుళ్లందరి మీదా ఒళ్లు మండి దీపం పెట్టడం మానేశాను.

ఆదిలాబాద్ వైపు మా చిన్న ఊళ్లో వాన కోసం ఎవరి మొక్కు వాళ్లు మొక్కారు. మరాఠీ వాళ్లు హనుమాన్ గుడిలో పొద్దంతా భజన చేశారు. మేం ఆడవాళ్లం రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగాం. మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముసలమ్మ తాగడానికి దాచుకున్న నీళ్ల బిందె ఎత్తి కప్ప మీద మొత్తం కుమ్మరించింది.

"జర ఆగు ఖాలా, నీకేం మిగుల్తది?" అన్నాను.

"వానొస్తే అన్నీ మిగుల్తయి. చుప్ ఉండు" అంది.

శుక్రవారం ఊరి బయట వాన నమాజు చేస్తామని ఆమె భర్త చెప్పాడు. ఆ ముసలాయన్ని మేం చాచా అంటాం. "మా చేన్లనే చెయ్యుండ్రి చాచా" అని నేనే అడిగాను.

శుక్రవారం తెల్లారి ఒక్కదాన్నే చేనుకు పోయి, సాళ్లలో వేలుపెట్టి తవ్వాను. గింజ పైపొట్టు వచ్చింది, లోపల పప్పు లేదు. పది చోట్ల తవ్వాను. అన్నీ అంతే. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దెక్కాక అందరూ వచ్చారు. చాచా చెప్పులు విడిచి, వెనకవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చేన్ల కాలు పెట్టకుండ్రి. గింజలున్నయి."

అంత మందీ గట్టు మీద, బండ్ల బాటలో, కాలే రాళ్ల మీద ఇరుక్కొని నిలబడ్డారు. భజన చేసినవాళ్లు వాళ్ల వెనక చేతులు జోడించారు. కప్పను మోసిన ఆడవాళ్లం కొంగులు చాపాం. లోపల ఏమీ లేదు, తొక్కండి, మంచిగా నిలబడండి అని అరవాలనిపించింది.

నమాజు అయ్యాక చాచా కుంటుతూ మా దగ్గరికి వచ్చాడు. రాళ్లు గుచ్చుకుని మోకాళ్లు పట్టేశాయి.

"ఇయ్యాల రేపట్ల పడ్తది బిడ్డా. పడితే ఎన్ని దినాలకు మొలుస్తది?"

నేను నోరు తెరవకముందే మా ఆయన అందుకున్నాడు.

"నాలుగు దినాలు చాచా."

మా ఆయన గోళ్ల నిండా నల్లమట్టి. నాకంటే ముందో వెనకో, ఆయన కూడా తవ్వి చూశాడు.