ఆయుధపూజ తుపాకి

పాత పటాలం తుపాకుల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకు పిచ్చి. తొంభైల చివర్లో, తమిళనాడులోని బర్గూరు దగ్గర ఒక రైతు ఇంట్లో అలాంటిది ఉందని విని గుంటూరు నుంచి వెళ్లాను.

ఇంటి పెద్దావిడ మునెమ్మ పూజగదిలోంచి తుపాకి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మా మామ తెల్లోళ్ల పటాలం నుంచి తెచ్చినాడప్పా. ఏటా ఆయుధపూజకు బొట్టు పెడతాము."

కుంకుమ కింద కిరీటం ముద్ర చెక్కుచెదరలేదు. గొట్టానికి మాత్రం తుప్పు పట్టింది. ఎదురుగా ఆమె కోడలు చింతపండు గింజలు తీస్తోంది. లోపలెలా ఉందో చూద్దామని, తూటా పెట్టే చోటును మూసే బోల్టు కాస్త వెనక్కి లాగాను. ఇత్తడి మెరిసింది. తూటా! గొట్టం కొస కోడలి వైపే ఉంది.

"అమ్మా, ముందు నువ్వు లే అక్కణ్ణించి!" అని అరిచాను. తుపాకిని గోడవైపు తిప్పి తూటా బయటికి తీశాను.

"ఇందులో తూటా ఎవరు పెట్టారు?"

"మా మామే పెట్టినాడు. చేటైనా, బిందైనా పూజకు ఖాళీగా పెడతామా? ఇదీ అంతే కదప్పా."

"ఇన్నేళ్లూ మనుషుల మధ్య పెట్టుకున్నారా దీన్ని!" అని కసిరాను.

మునెమ్మ వంటింట్లోకి వెళ్లి, గుప్పెట్లో రాగులు తెచ్చింది. "అది వద్దంటే వద్దులే. ఈడ ఇవి పోస్తా," అంటూ తూటా ఉన్నచోట కాసిని పోసింది.

రాగులకు తేమ చేరి తుప్పు ఇంకా పెరుగుతుందని నాకు తెలుసు. అయినా బోల్టు నేనే మూశాను.