పాదం మీద నాడి

ముప్పై ఆరేళ్ల వయసులో నేను మళ్లీ విద్యార్థినయ్యాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా కరీంనగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో సర్జన్ని. నా చేతికి పేరుండేది, నాకు దాని గర్వమూ ఉండేది. రక్తనాళాల ఆపరేషన్లు నేర్చుకోవడానికి రెండేళ్లు హైదరాబాద్ పోతానంటే మా ఆవిడ నవ్వింది. "ముసలోనికి దసరా పండుగన్నట్టు, గిప్పుడు మల్ల సదువేంది?" అంది.

అక్కడ మొదటి రెండు నెలలు మాకు కత్తి ఇవ్వలేదు. పొద్దున్నే వార్డులో మంచం మంచానికీ తిరిగి, రోగి గజ్జల్లో, మోకాలి వెనక, చీలమండ దగ్గర, పాదం మీద నాడి పట్టి చూసి, ఉందో లేదో రాయాలి. ఇదేం చదువు, నర్సమ్మ పని కదా అనుకునేవాణ్ని. నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు "తెలుస్తలేదు సార్" అంటూ దిక్కులు చూస్తుంటే, నేను క్షణంలో "ఉంది" అని రాసి పక్క మంచానికి పోయేవాణ్ని.

ఒకరోజు, మూసుకుపోయిన నాళానికి ఆపరేషన్ చేయించుకున్న వేములవాడ రైతు పాదం చూసి నాడి ఉందని చెప్పాను. మాకు పాఠం చెప్పే సార్ తనూ పట్టి చూశారు. "వేలు అట్లనే ఉంచి, ఎడమచేత్తోని నీ మెడ పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. మెడలో కొట్టినప్పుడే పాదం మీదా కొడుతోంది. ఒక్క దెబ్బ కూడా తేడా లేదు. గట్టిగా అదిమితే మన వేలి నాడే మనకు తగులుతుంది; నేను ఇన్నాళ్లూ దాన్నే లెక్కపెట్టాను. రైతును వెంటనే మళ్లీ థియేటర్‌లోకి తీసుకుపోయి నాళంలో అడ్డుపడ్డ గడ్డ తీశారు. సాయంత్రానికి పాదం వెచ్చబడింది. సార్ నన్ను తిట్టలేదు. "తెలుస్తలేదు అనుడు గూడ నేర్వాలె" అని మాత్రం అన్నారు.

నాకు సిగ్గుకంటే భయమెక్కువ వేసింది. మంచిర్యాల రైసుమిల్లు హమాలి గుర్తొచ్చాడు. నాలుగేళ్ల కింద బస్తాలు మీద కూలి అతని మోకాలి కీలు తప్పింది. వాళ్ల అన్న మొదట ఊళ్లో ఎముకలు కట్టే ఆయనతో నాటుకట్టు వేయించి, తర్వాత నా దగ్గరికి తెచ్చాడు. నేను ఆ కట్టు విప్పి, కీలు సరిచేసి, పాదం మీద వేలు అదిమి, నాడి ఉందని రాసి, సిమెంటు కట్టు వేశాను. అప్పటికి అతను కాలి వేళ్లు కదిలిస్తూనే ఉన్నాడు. మూడోనాటికి అవి నల్లబడ్డాయి. తొడదాకా కాలు తీసేశాను. తీసేసి, వాళ్ల అన్నను అందరి ముందూ నిలబెట్టి, "నీ నాటుకట్టుతోనే కాలు పోయింది" అన్నాను. నాటుకట్టు కొంత చెరుపు చేసి ఉండొచ్చు. కానీ నాడి లేదని ఆ పూటే కనిపెట్టి ఉంటే అప్పుడే హైదరాబాద్ పంపేవాణ్ని.

ఆ ఆదివారం మంచిర్యాల రైలెక్కాను. హమాలి ఇంటి ముందు కూర్చుని గోనెసంచులు కుడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. వింటున్నంతసేపూ కుడుతూనే ఉన్నాడు. తర్వాత సూది పక్కన పెట్టాడు.

"నాకు చెప్తె ఏమొస్తది సారూ? మీ మాట వట్టుకొని మా అన్నతోని నాలుగేండ్ల సంది మాట్లాడలే. ఆయనకు చెప్పుండ్రి."

చంకకర్ర అందుకుని ముందు నడిచాడు. అన్న ఇల్లు అదే గల్లీలో ఉంది. గుమ్మంలో తమ్ముణ్ని చూసి అన్న మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"అన్నా, సారొచ్చిండు. జర ఇను" అన్నాడు తమ్ముడు.

ఆ రోజు నాడి చూడటంలో తప్పింది నేనేనని, నా తప్పు ఆయన మీద వేశానని చెప్పాను. అన్న అంతా విన్నాడు, నా వైపు చూడలేదు. మంచం మీద దుప్పటి జరిపి, తమ్మునితో "కూసో రా" అన్నాడు. తమ్ముడు కర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. అన్న పక్కనే కూర్చున్నాడు.

నన్ను ఎవరూ కూర్చోమనలేదు.